మళ్ళీ రాసిన హాజరు పట్టీ

నవంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున, స్టాఫ్ రూము తలుపుకు లోపల గడియ పెట్టుకుని, ఇద్దరం కూర్చుని పదో తరగతి హాజరు పట్టీని జూన్ నుంచి మళ్ళీ రాశాం. ఇద్దరంటే నేను, మా ప్రధానోపాధ్యాయురాలు. ఆమెను బళ్ళో అందరూ పెద్ద మేడమ్ అనేవాళ్ళు. కొత్త రిజిస్టరు ఆమే తెచ్చింది. ఆమె పాత పట్టీ చూసి చదువుతుంటే నేను కొత్తదాంట్లో ఎక్కించాను. అంతా ఒకే పెన్నుతో రాస్తే అనుమానం వస్తుందని నెలనెలకూ పెన్ను మార్చాం. జూలై నీలం, ఆగస్టు నలుపు, సెప్టెంబరు సగం అదీ సగం ఇదీ. క్లాసులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ముప్పై నలుగురికి ఉన్నది ఉన్నట్టే దించాను. మిగిలిన నలుగురికి, వాళ్ళు నా ఎదురుగా బెంచీల మీద కూర్చున్న రోజుల్లో కూడా బడికి రాలేదని రాశాను.

ఆ బడిలో నేను లెక్కల టీచర్ని, పదో తరగతికి క్లాస్ టీచర్ని. బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఉండే ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల అది. పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు. దాదాపు అందరూ కోయ పిల్లలే. మేం పాల్వంచలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయనకు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. నేను రోజూ బస్సులో పోయివచ్చేదాన్ని.

ఆ నలుగురు చేసిన తప్పల్లా లెక్కల్లో వెనకబడటమే. పరీక్ష రాసే పిల్లల పేర్లు చలికాలం మొదట్లో పైకి పంపాలి. హాజరు తక్కువైన పిల్ల పేరు పంపనక్కర్లేదు. పేరు పోని పిల్ల ఫెయిల్ కింద లెక్కకు రాదు. ముప్పై నలుగురే రాసి ముప్పై నలుగురూ పాసైతే ఫలితం నూటికి నూరు. మా బడి గేటు మీద అంతకుముందు సంవత్సరాల ఫ్లెక్సీ ఒకటి వేలాడుతూ ఉండేది. దాని మీద నూరు అంకె తలకాయంత ఉంటుంది. కింద పెద్ద మేడమ్ ఫొటో.

"మిగతా సబ్జెక్టులు ఎట్లనో గట్టెక్కుతరు. పోయేది నీ లెక్కల్లనే," అంది ఆమె, టీ గ్లాసు నా వైపు జరిపి. "ఆ నలుగురు ఎవరో నువ్వే చెప్పు మేడమ్. నీకు తెల్వనిది నాకు తెలుస్తదా?"

నేను చెప్పాను. ఆమె నన్ను బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. అంతకుముందు ఏడు నా సబ్జెక్టులో ఒక పిల్ల ఫెయిలైతే, సమీక్ష అని పిలిచి, వంద మంది టీచర్ల ముందు నన్ను నిలబెట్టి ఎందుకు పోయిందో చెప్పమన్నారు. సమాధానం చెప్పేదాకా కూర్చోనివ్వలేదు. ఆ నిలబడటం ఇంకోసారి నా వల్ల కాదనుకున్నాను. నేను నిలబడకుండా ఉండటానికి నలుగురు పిల్లల్ని ఇంటికి పంపాను. దీన్ని ఎంత మెత్తగా చెబుదామన్నా నాకు చేతకావడం లేదు.

డిసెంబరులో నలుగుర్నీ ఆఫీసు రూముకు పిలిచి, హాజరు తక్కువైంది, వచ్చే ఏడు రాద్దురు అని చెప్పాం. ముగ్గురు ఏడ్చారు. నాలుగో పిల్ల ఏడవలేదు. కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చునే పిల్ల. ఎడమ చేత్తో రాస్తుంది. నోటు పుస్తకాల అంచులు చిరిగిపోకుండా సూదీదారంతో కుట్టుకుంటుంది. తెలుగులో ఆ బడి మొత్తానికి ఆమెకు మించి రాసేవాళ్ళు లేరు. సాంఘికంలోనూ మంచి మార్కులే. లెక్కల క్లాసులో మాత్రం తల ఎత్తేది కాదు. పెద్ద మేడమ్ మాట్లాడినంతసేపూ ఆ పిల్ల నన్నే చూసింది. తర్వాత డార్మిటరీకి పోయి రేకు పెట్టె సర్దుకుని, నెత్తిన పెట్టుకుని గేటు దాటింది.

జనవరిలో వాళ్ళమ్మ వచ్చింది.

మిరపకాయలు ఏరే రోజులు. తోటలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, దగ్గరికి వస్తేనే ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆఫీసు రూములో పెద్ద మేడమ్, నేను ఉన్నాం. ఆమెను కూర్చోమని మేమెవరం అనలేదు.

"నా బిడ్డ బడికి రాలేదని పంపిన్రంట గద," అంది ఆమె.

"అవ్. హాజరు తక్కువున్నది. రూల్ ప్రకారం పరీక్షకు పంపరాదు," అంది పెద్ద మేడమ్.

"నా బిడ్డ ఇంటికాడ ఎన్ని దినాలున్నదో నాకెరుకే. దసరాకు వచ్చింది. మా మామ సచ్చిపోయినప్పుడు మూడు దినాలున్నది. గంతే. మిగిలిన దినాలు బళ్ళె లేదంటున్నరు, ఇంటికాడ లేదు. మరి యాడున్నది నా బిడ్డ?"

పెద్ద మేడమ్ లేచి బీరువాలో నుంచి కొత్త పట్టీ తీసింది.

"ఆడపిల్లను మీ చేతుల్ల పెట్టి పోతిమి. గన్ని దినాలు కనవడకపోతే నాకు కబురెందుకు పెట్టలె? ఎదిగిన పిల్ల ఏమయ్యిందో అని మీకు భయం గాలేదా? ఒకటి మీరు అబద్ధమన్న చెప్పాలె, లేకపోతే నా బిడ్డను పోగొట్టుకోనన్న ఉండాలె. ఏది చేసిన్రు?"

ఇన్నేళ్ళ నౌకరీలో ఇంత సూటిగా ఎవరూ నన్ను అడగలేదు. అడిగింది పెద్ద మేడమ్‌నే అయినా, తగిలింది నాకు.

"రిజిస్టర్ ఉన్నది, సంతకాలున్నయి, చూస్కో," అని పెద్ద మేడమ్ కొత్త పట్టీని బల్ల మీద ఆమె వైపు తోసింది.

"నాకు సదువు రాదని ఎరికయ్యే చూడమంటున్నవు."

"మాట జాగ్రత్త. నీ బిడ్డకు లెక్కలెన్ని వస్తయో తెలుసా నీకు? రాసి ఫెయిలయితే నీకే గద నామర్దా."

ఆమె జవాబు చెప్పకుండా కవరులో నుంచి ఒక అట్ట కాగితం తీసింది. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి వచ్చినందుకు బడి ఇచ్చిన ప్రశంసా పత్రం. చుట్టూ పువ్వుల అంచు, మధ్యలో పిల్ల పేరు, కింద పెద్ద మేడమ్ సంతకం.

"ఇంత తెలివిగల్ల పిల్ల అని రాసిచ్చింది మీరే గద. మీ రాత మీకే పనికిరాదా?"

పెద్ద మేడమ్ దానివైపు చూడలేదు. నేను చేతిలోకి తీసుకుని చదివాను. సంతకం కింద తారీఖు ఉంది. ఆగస్టులో ఒక శుక్రవారం. బడి ఆవరణలోనే పోటీ పెట్టి, ఆ సాయంత్రమే బహుమతులిచ్చాం. ఆ రోజు ఆ పిల్ల బడికి రాలేదని నల్ల పెన్నుతో రాసిన పట్టీ నా ముందు బల్ల మీద ఉంది. ఆ తల్లికి ఈ సంగతి తెలియదు. తన బిడ్డ తెలివైనదని చూపించడానికే ఆ కాగితం తెచ్చింది. అందులో మమ్మల్ని పట్టించే అంకె ఉందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

నేను దాన్ని మళ్ళీ కవరులో పెట్టి ఆమెకు ఇచ్చేశాను.

"నువ్వు గూడ మాట్లాడవు," అంది ఆమె నన్ను చూసి. కవరు చంకలో పెట్టుకుని పోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయనకు అంతా చెప్పాను. ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం. ఆయన షిఫ్టుకు పోవడానికి బూట్లు వేసుకుంటూ విన్నాడు.

"పట్టీలో ఉన్నది ఎవరి చేతిరాత?" అన్నాడు.

"నాది."

"మరి నోరు తెరిస్తే ముందు పోయేది నువ్వే. మీ పెద్ద మేడమ్‌కు ఏం కాదు. వదిలెయ్."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ లెక్కల క్లాసులో తల ఎత్తని ఆ పిల్లను తలుచుకుంటే నాకు ఖమ్మంలో నా బడి రోజులు గుర్తుకొచ్చి ఒళ్ళు మండింది. మా అబ్బా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. నన్ను తెలుగు మీడియంలో వేశారు. కూడికలు, తీసివేతలు అన్నీ వచ్చేవి. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో రాసి ఇస్తే చెయ్యి ఆగిపోయేది. 'రెట్టింపు కంటే మూడు తక్కువ' అంటే ఏం చెయ్యమంటున్నారో తెలిసేది కాదు. నన్ను మొద్దు అన్నారు, వెనక బెంచీలో వేశారు. ఎట్లాగో ఈడ్చుకుని బయటపడ్డాను. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష అయితే పిల్లకు ఏమవుతుందో తెలిసిన టీచర్ని ఆ బడి మొత్తానికి నేనొక్కదాన్ని. తెలిసీ ఆ పిల్లను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

జనవరి నెలాఖరున పాల్వంచలో ఒక ఫంక్షన్ హాల్లో టీచర్ల సమావేశం పెట్టారు. పదో తరగతి పరీక్ష విధానం మార్చాలనుకుంటున్నారు, మీ అభిప్రాయాలు చెప్పండి అన్నారు. నా సర్వీసులో ఈ మార్పులు చాలా చూశాను. పదకొండు పేపర్లు ఆరయ్యాయి. మార్కులు పోయి గ్రేడ్లు వచ్చాయి, గ్రేడ్లు పోయి మళ్ళీ మార్కులు వచ్చాయి. ఈసారి చర్చ బడిలో మేమేసే ఇంటర్నల్ మార్కుల గురించి. ఉంచాలా, తీసేసి పేపరంతా నూరు మార్కులకు పెట్టాలా? ఒక్క సబ్జెక్టులో కొద్దిలో పోయిన పిల్లకు మొత్తం ఫెయిల్ అని రాయకుండా ఏదైనా దారి చూడాలా?

ఒకాయన పేపరు కష్టంగా ఉండాలన్నాడు. ఒకాయన సులువుగా ఉండాలన్నాడు. తర్వాత మా పెద్ద మేడమ్ లేచి మైకు అందుకుంది. ఇంటర్నల్ మార్కులు వెంటనే తీసెయ్యాలంది. బడులు ఇష్టం వచ్చినట్టు ఇరవైకి ఇరవై వేస్తున్నాయట. టీచర్లలో నిజాయితీ లేకపోతే ఏ పరీక్షా నిలబడదట. హాలంతా చప్పట్లు కొట్టారు.

నిజాయితీ అనే మాట ఆమె నోట విన్నాక నాకు కూర్చోవడం చేతకాలేదు. చెయ్యెత్తాను. మైకు వచ్చేదాకా నా చెయ్యి అట్లాగే పైన ఉంది.

"పరీక్ష ఎట్లా ఉండాలో ఎంతసేపైనా మాట్లాడుకుందాం," అన్నాను. "పరీక్ష హాలుదాకా రానివ్వని పిల్లల సంగతి ఎవరు మాట్లాడతారు? ఫెయిలవుతారనుకున్న పిల్లలకు హాజరు లేదని రాసి ఇళ్ళకు పంపుతున్నాం. ఫలితం నూరు శాతం వస్తున్నది ఇట్లానే."

వేదిక మీదున్న అధికారి కళ్ళద్దాలు తీశాడు. "మేడమ్, ఇవాళ మన ఎజెండా అది కాదు. గాలి మాటలు వద్దు. ఏ బడిలో జరిగిందో చెప్పగలరా?"

"మా బడిలోనే. పట్టీ మార్చి రాసింది నేనే."

ఒకతను వచ్చి నా చేతిలో మైకు తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. అధికారి తర్వాతి పేరు పిలిచాడు. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పదేళ్ళ నుంచి ఒకే బస్సులో వచ్చే సైన్సు టీచరు కూడా ప్లేటు పట్టుకుని దూరంగా పోయి నిలబడింది.

చేతులు కడుక్కునే చోట పెద్ద మేడమ్ నన్ను పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"నన్ను ముంచుదామనుకున్నవు గద. పాత రిజిస్టర్ లేదు, ఎప్పుడో కాలవెట్టిన. కొత్తదాంట్ల ఉన్నదంతా నీ చేతిరాతే. నువ్వు పాఠాలు సరిగ్గ చెప్పక, పిల్లలు ఫెయిలయితరని నువ్వే రాసుకున్నవని చెప్త. ఎవరి మాట నమ్ముతరో చూద్దాం."

అన్నట్టే చేసింది. నాలుగు రోజులకు విచారణ అధికారి ఒకాయన బడికి వచ్చాడు. పెద్ద మేడమ్ రాతపూర్వకంగా అదే చెప్పింది. కొంతకాలంగా నాకు మతి స్థిమితంగా లేదని కూడా ఒక వాక్యం చేర్చింది. మిగతా టీచర్లు మాకేం తెలియదని సంతకాలు పెట్టారు. విచారణ అధికారి నన్ను అడిగాడు.

"పట్టీ తప్పని రుజువు చేసే కాగితం ఏదైనా ఉందా?"

"ఉంది సార్. నా దగ్గర లేదు," అన్నాను. ఎల్లుండి మళ్ళీ వస్తాను, అప్పటికి తెప్పించమన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ఆ పిల్ల ఊరికి పోయాను. ఆటో రోడ్డు వరకే. అక్కడి నుంచి గంట నడక. ఇంటికి తాళం ఉంది. ఎవరో తోట చూపించారు. ఎర్రగా పండిన మిరప సాళ్ళ మధ్య తల్లీకూతుళ్ళు వంగి కాయలు ఏరుతున్నారు. పిల్ల నన్ను చూసి వెంటనే తల దించుకుని ఇంకో సాలులోకి పోయింది. తల్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

వచ్చిన పని చెప్పాను. ప్రశంసా పత్రం కావాలన్నాను.

"ఎందుకు? ఇది గూడ కాలవెట్టనీకా?"

పట్టీ సంగతి ఊళ్ళోకి పాకిందని అప్పుడు తెలిసింది. ఎవరు మార్చారో మాత్రం ఆమెకు తెలియదు. ఆమె తిట్లన్నీ పెద్ద మేడమ్‌నే. కాసేపు వింటూ నిలబడ్డాను. ఆ తిట్లు అట్లా వేరేవాళ్ళ మీదికి పోతుంటే నిలబడటం తేలికగానే ఉంది. ఆ సంగతికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"రాసింది నేనమ్మా," అన్నాను చివరికి. "పెద్ద మేడమ్ చెప్పింది. నేను రాసిన. నీ బిడ్డ పేరు చెప్పింది కూడా నేనే."

ఆమె చేతిలో గంప కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకోబోయి, చేతికున్న ఘాటు గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఎందుకు?"

"లెక్కల్లో ఫెయిలవుతదని."

"అయితే అయితది. నా బిడ్డ రాసి ఫెయిలయితది. మళ్ళ రాస్తది. మధ్యల నువ్వెవరు?"

నేను మళ్ళీ కాగితం సంగతే ఎత్తాను.

"కాగితం నీ చేతికియ్య. ఎవరికి చూపియ్యాల్నో చెప్పు, నేనే తెస్త. ఇగ పో."

తెచ్చింది. కూలి పని వదులుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని మర్నాడు బడికి వచ్చి, విచారణ అధికారి బల్ల మీద ఆ అట్ట కాగితం పెట్టింది. ఆయన పట్టీలో ఆగస్టు తీసి వేలుతో వెతికాడు. పత్రాన్నీ పట్టీనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పెద్ద మేడమ్ కిటికీలో నుంచి బయటికి చూస్తూ నిలబడింది.

అప్పటికి గడువు అయిపోవచ్చింది. ఆలస్య రుసుముతో పేర్లు పంపే ఆఖరి వారం అది. నలుగురి పేర్లూ పంపమన్నారు. కానీ ఒక పిల్లకు అప్పటికే పెళ్ళయిపోయింది. ఒక పిల్ల ముఠాతో పాటు మిరప పనికి గుంటూరు వైపు పోయింది, ఫోన్ లేదు. ఇంకో పిల్ల ఇంటికి పోతే వాళ్ళ నాన్న నన్ను వాకిట్లోకే రానివ్వలేదు. పరీక్షకు పోయింది ఈ పిల్ల ఒక్కతే. మిగతా ముగ్గురి విషయంలో ఇక చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఎవరైనా నన్ను ధైర్యం చేశావని మెచ్చుకోబోతే నేను ఆ ముగ్గురి సంగతి చెబుతాను.

నాకు ఛార్జి మెమో ఇచ్చారు. క్లాస్ టీచరు పని తీసేశారు. పరీక్షకు ఐదు వారాలు ఉన్నాయి. ఆ పిల్ల మళ్ళీ మూడో బెంచీలో కూర్చుంది కానీ నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు. సందేహముంటే పక్క పిల్లను అడిగేది. మార్చిలో రాసింది. ఫలితాల్లో తెలుగులో బడికి మొదటి మార్కు ఆమెదే. లెక్కలు తప్ప ఐదు సబ్జెక్టులూ పాస్. లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గాయి. ఆ నాలుగు మార్కులకు మార్కుల మెమో మీద అడ్డంగా ఫెయిల్ అని రాసి ఇచ్చారు. ఐదింట్లో ఆమె సాధించిందంతా ఆ మాట కింద పడి పోయింది. సంస్కరణల గురించి ఎన్ని సమావేశాలు పెట్టినా ఆ ఒక్క మాటను కదిలించినవాళ్ళు లేరు.

ఆ ఏడు మా బడికి నూరు శాతం రాలేదు. స్టాఫ్ రూములో తెలుగు సార్ పేపరు మడిచి బల్ల మీద పడేసి, "ఒక్క పిల్ల కోసం అందరి పేరు ఖరాబు చేసినవు మేడమ్," అన్నాడు. తన సబ్జెక్టులో మొదటి మార్కు తెచ్చింది ఆ పిల్లేనన్న సంగతి ఆయనకు పట్టలేదు.

మే నెలంతా నేను ఆ ఊరికి పోయాను. పిలిచినవాళ్ళు లేరు. మొదటి రోజు తల్లి నన్ను చూసి లోపలికి పోయింది. చాప వెయ్యలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. పిల్ల చాలాసేపు ఆలోచించి, నోటు పుస్తకం తీసుకుని బోరింగు పక్కన రేకుల షెడ్డు కిందికి వచ్చింది. జూన్‌లో సప్లిమెంటరీ పరీక్ష ఉంది కాబట్టి వచ్చింది, నా మీద మనసు మెత్తబడి కాదు.

రెండు రోజులు పాత పద్ధతిలోనే చెప్పాను. ఏమీ ఎక్కలేదు. మూడో రోజు ఒక లెక్క ఇచ్చి, "ముందు ఇది మీ మాటలో నాకు చెప్పు. నాకు అర్థం కాకపోయినా సరే," అన్నాను. అనుమానంగా చూసింది. తర్వాత కోయలో చెప్పడం మొదలుపెట్టింది. సగం చెప్పి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఆగలేదు. సుద్దముక్క తీసుకుని నేల మీద నాలుగు గీతల్లో చేసి చూపించింది. తప్పు లేదు. ఇంకో లెక్క ఇచ్చాను, అదీ చేసింది. తెలుగులో వ్యాసాలు ఎంత బాగా రాసినా, లెక్క మాత్రం ఆ పిల్లకు కోయలోనే పట్టుబడుతుంది. అక్కడ కూర్చుని నేను సంతోషించలేదు. రెండేళ్ళుగా నా క్లాసులో ఉన్న పిల్ల అది. ఈ ఒక్క పని రెండేళ్ళ కిందట చేసి ఉంటే ఇంత రాద్ధాంతం ఎందుకు జరిగేది?

తునికాకు సీజన్ అది. తల్లి తెల్లారి అడవికి పోయి తెచ్చిన ఆకును గుమ్మంలో కూర్చుని కట్టలు కడుతూ ఉండేది. మేం చెప్పుకునే లెక్కలన్నీ వినేది. వింటున్నట్టు కనపడనిచ్చేది కాదు. పరీక్షకు వారం ముందు, నేను బయల్దేరుతుంటే చేతిలో కట్ట ఆపకుండానే అంది.

"రేపటి సంది రాకు. ఇగ అది చూస్కుంటది."

"ఇంకా రెండు పాఠాలున్నయి."

"నువ్వు రావాల్సినప్పుడు రాలె. ఇప్పుడెన్ని దినాలొచ్చినా అది పోదు."

గంట నడిచి రోడ్డుకు వచ్చాను. దారి పొడుగునా ఆమె మీద కోపంగానే ఉంది. ఎండలో పడి వచ్చి చెప్పాను కదా అని. బస్సెక్కాక గానీ ఆ కోపానికి నాకు హక్కు లేదని తోచలేదు.

పిల్ల సప్లిమెంటరీ రాసింది. పాసైంది. గొప్ప మార్కులేం కాదు, పాస్ గీత మీద ఇంకో పది.

విచారణ ఫలితం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. పట్టీ మార్చినందుకు నాకు ఇంక్రిమెంటు ఆపి నేలకొండపల్లి దగ్గరి బడికి బదిలీ చేశారు. అందులో నాకు అన్యాయమేమీ కనపడలేదు. పెద్ద మేడమ్‌కు పర్యవేక్షణలో లోపం అని రాసి, జాగ్రత్త చెప్పి వదిలేశారు. మరికొన్ని వారాలకు పరీక్షా సంస్కరణలకు సూచనలిచ్చే కమిటీ పేర్లు టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. అందులో ఆమె పేరుంది. కింద అందరూ పువ్వుల బొమ్మలు పెట్టి అభినందనలు చెప్పారు. మా ఆయన ఫోన్ నా చేతిలో నుంచి తీసుకుని చదివి, మళ్ళీ నా చేతిలో పెట్టాడు. నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు. అందుకు ఆయనకు ఋణపడి ఉంటాను. ఇంటర్నల్ మార్కుల మీద ఉత్తర్వు వచ్చింది, తర్వాత ప్రస్తుతానికి పాత పద్ధతే అని ఇంకోటి వచ్చింది. పేరు పంపకుండా ఇంటికి తోలేసిన పిల్లల గురించి ఏ ఉత్తర్వులోనూ ఒక్క ముక్క లేదు.

పాత బడిలో నా ఆఖరి రోజున, పుస్తకాలు అప్పజెప్పి బీరువా తాళాలు ఇస్తుంటే ఆ పిల్ల టీసీ కోసం వచ్చింది. ఒంటరిగానే వచ్చింది. భద్రాచలంలో ఇంటర్లో చేరుతోంది. గుమాస్తా టీసీ రాస్తున్నంతసేపు వరండాలో నిలబడింది. నేను బయటికి పోయాను. ఏదైనా అనాలనిపించింది. బాగా చదువుకో లాంటి మాటలు నోటిదాకా వచ్చాయి, కానీ ఆ పిల్లతో అనడానికి అవి నాకు చెల్లవనిపించింది.

ఆమే అడిగింది. "మేడమ్, నాకు ఆబ్సెంట్ ఏసుకుంట పోయిన్రు గద. గా దినాలల్ల నేను మీ ముంగట్నే కూసున్న. రాసేటప్పుడు నా మొకం యాదికి రాలేదా?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడుగుతోంది.

"వచ్చింది," అన్నాను.

ఆమె తలూపింది. లోపలి నుంచి గుమాస్తా పిలిచాడు. పోయి ఎడమ చేత్తో సంతకం పెట్టి, టీసీని రెండు మడతలు పెట్టి చేతి సంచిలో వేసుకుంది. నా పక్కనుంచే నడిచి, గేటు దాటి, బూర్గంపాడు పోయే ఆటో ఎక్కింది.